అన్ని దారుల బండి: కోలారు గనుల సీమలో సైకిలు

ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. పాత నల్ల సైకిలు తెలిసిన మెకానిక్‌ని నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క తడుముకోకుండా చెబుతాడు. తొక్కేవాడి బరువులోనూ, క్యారియరు మీద కట్టిన సామాను బరువులోనూ పెద్ద వాటా వెనక చక్రానిదే. అందుకే అక్కడ 8 పుల్లలు ఎక్కువ. లెక్క వేసింది ఇంగ్లండువాళ్ళు. దానికి అసలు పరీక్ష పెట్టింది కోలారు జిల్లాలాంటి సీమలు. రెండు వైపులా పాలక్యానులు వేలాడేసుకుని, తెల్లవారకముందే గుంతల దారిన పాలకేంద్రానికి చేరాల్సిన సైకిలుకు ఆ 8 పుల్లలే ప్రాణం.

ఇప్పుడు సైకిలంటే పడి చచ్చేవాళ్ళు దేశదేశాల్లో ఒక కొత్త రకం బండి కట్టించుకుంటున్నారు. టైటానియం ఫ్రేము, వంపు తిరిగిన హ్యాండిలు, లావుపాటి టైర్లు, డిస్కు బ్రేకులు. దానికి అడ్వెంచర్ రోడ్ బైక్ అని పేరు. తారు రోడ్డు మీద దౌడు తీయాలి, కంకర మీద జారకూడదు, మట్టి బాటలో ఆగకూడదు, సామాను కట్టుకుని నాలుగు రోజుల ప్రయాణానికి పోగలగాలి. ఫ్రేము ఒకచోట, ఫోర్కు ఒకచోట, చక్రాలు మరొకచోట ఏరి తెచ్చుకుని, తమ ఒంటికీ తమ దారికీ తగ్గట్టు కూర్చుకుంటారు. అన్ని దారులకూ ఒకే బండి అన్న ఈ కోరిక కోలారు పల్లెలకు మాత్రం తాతల నాటిది.

టైరు కొలతలు చూస్తే ఆ మాట ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పాత సైకిలు టైరు పక్కన 28 × 1½ అని అచ్చు ఉంటుంది. ఆ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, టైరు వెడల్పు దాదాపు 40. నేటి అడ్వెంచర్ బైకు రిమ్ము 622 మిల్లీమీటర్లు, టైరు వెడల్పు మళ్ళీ 40కి అటూఇటూ. మధ్యలో కొన్ని దశాబ్దాల పాటు సన్నటి రేసు టైర్లదే రాజ్యం. కంకర దారి పట్టగానే కొత్తవాళ్ళు కూడా తిరిగి తిరిగి పాలవాడి టైరు కొలత దగ్గరికే వచ్చారు.

ఈ సీమకు చక్రం వచ్చిన క్రమం కూడా చెప్పుకోదగ్గదే. 1802లో మారికుప్పం, ఊరిగాం వైపు పల్లెవాళ్ళు మట్టి కడిగి బంగారు రేణువులు తీయడాన్ని లెఫ్టినెంట్ జాన్ వారెన్ కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఆ పాత రాత చదివి ఆశపడిన ఐర్లండు సైనికుడు మైకేల్ లావెల్, 1871లో బెంగళూరు నుంచి ఎడ్లబండి మీద కోలారు వచ్చాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. 1880 దాటగానే లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ గనుల పని చేతికి తీసుకుంది. తెచ్చిన డబ్బు అడుగంటుతున్న దశలో క్యాప్టెన్ ప్లమ్మర్ అనే గని అధికారి మైసూరు గనిలో పాతకాలపు తవ్వకాల అడుగున అసలైన బంగారు పొరను పట్టుకున్నాడు. అదే ఛాంపియన్ రీఫ్. తర్వాత 3 కిలోమీటర్ల లోతు దాటిపోయింది ఆ పొర వెంబడే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో సైకిలుకు ఇప్పటి రూపం కుదిరింది. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తున, వెనక చక్రాన్ని చైను లాగేలా జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలు చేసింది 1885లో. గాలి నింపే టైరుకు డన్‌లప్ పేటెంటు తీసుకున్నది 1888లో. బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా గనుల రైలు నడిచింది 1894లో. మైసూరు కమిషనరు లెవిన్ బౌరింగ్ పేరు మీద వెలసిన ఆ బౌరింగ్‌పేటే నేటి బంగారపేట. ఇక 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి 92 మైళ్ళ తీగల మీద గనులకు కరెంటు వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో స్టర్మీ–ఆర్చర్ మూడు గేర్ల హబ్బుకు పేటెంటు దక్కింది. గనీ సైకిలూ ఒకే ఈడువి.

గనుల్లో పనిచేసిన వేలమందికి మాత్రం సైకిలు చాలాకాలం అందనిదే. మొదట అది దొరల వాహనం. తర్వాత ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులది, గుమాస్తాలది. ఉత్తర ఆర్కాటు, సేలం నుంచి వచ్చిన తమిళులు, చిత్తూరు వైపు నుంచీ కోలారు పల్లెల నుంచీ వచ్చిన తెలుగువాళ్ళు షాఫ్టులకు దగ్గర్లో వేసిన కూలీ లైన్లలో ఉండేవాళ్ళు. తడికెల గుడిసె నుంచి గని నోటికి నడకే. కొండంత కరెంటు గనికి వచ్చినా, లైన్లలోని గుడిసెల్లో చాలాకాలం బుడ్డి దీపాలే. సైకిలు ఆ అంతరానికి మరో గుర్తు.

అది మారింది స్వాతంత్ర్యం తర్వాత. 1949లో మద్రాసు శివారులో అంబత్తూరు కేంద్రంగా టీఐ సైకిల్స్ మొదలై హెర్క్యులిస్, బీఎస్ఏ, ఫిలిప్స్ పేర్లతో సైకిళ్ళు చేసింది. ఉత్తరాన 1951లో సోనీపట్‌లో అట్లాస్, ఆ మరుసటి ఏడు ఆసన్‌సోల్‌లో సెన్–రాలీ, 1956లో లూధియానాలో హీరో. అంబత్తూరూ బంగారపేటా ఒకే మద్రాసు–బెంగళూరు రైలు మార్గం మీద ఉండటం కోలారు సీమకు కలిసొచ్చింది. హెర్క్యులిస్ అంటే దక్షిణాదిలో సైకిలుకు మారుపేరే అయిపోయింది. 1956లోనే గనులూ మైసూరు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి.

కొన్న సైకిలు కొన్నట్టే ఉంచుకున్నవాళ్ళు పల్లెల్లో తక్కువ. ముందు ఫోర్కుకు అదనంగా రెండు కమ్మీలు బిగించి డబుల్ ఫోర్కు చేయించేవాళ్ళు. క్యారియరు తీసేసి, కమ్మరి చేత లావు కమ్మీతో మరొకటి కొట్టించేవాళ్ళు. ఆ క్యారియరుకు రెండు వైపులా కొక్కేలు, కొక్కేలకు పాలక్యానులు. బంగారం, పాలు, పట్టు అంటే కోలారు అన్న మాట ఊరికే రాలేదు. మల్బరీ తోట నుంచి ఇంటికి ఆకు మోపు, ఇంటి నుంచి మార్కెట్టుకు పట్టుగూళ్ళ మూట, వేసవిలో శ్రీనివాసపురం మామిడికాయల గంప, అన్నీ ఆ క్యారియరు మీదే. పిల్లవాడు బడికి పోవాలంటే ముందు బారు మీద చిన్న సీటు. బరువుతో బండి పక్కకు ఒరగకుండా రెండు కాళ్ళ స్టాండు. అడ్వెంచర్ బైకు ఫ్రేము మీద ఇప్పుడు సామాను కట్టుకోవడానికి చిన్న చిన్న మరల రంధ్రాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మరీ కొంటారు. కమ్మరి కొలిమి దగ్గర తీరిన అవసరమే అదీ.

అలంకారం సంగతి వేరే చెప్పాలి. హబ్బు చుట్టూ రంగురంగుల కుచ్చు, అది తిరుగుతూ హబ్బును దానంతటదే తుడుస్తుంటుంది. హ్యాండిలు పిడులకు ప్లాస్టిక్ జడలు, సీటుకు అంచు కుచ్చుల తొడుగు, వెనక మడ్‌గార్డుకు వేలాడే రబ్బరు మీద సినిమా హీరో బొమ్మ, చైను కవరు మీద ఇంటి పేరో ఇష్టదైవమో. ఆయుధపూజ నాడు గని యంత్రాలతోపాటు సైకిలుకూ స్నానం, పసుపు కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ. యంత్రాన్ని ఇంట్లో మనిషిలా చూసుకోవడం గనుల ఊళ్ళకు బాగా తెలుసు. లోపలికి దిగే పంజరం తాడు మీదే ప్రాణం ఆధారపడినవాళ్ళు ఇనుముకు దండం పెట్టకుండా ఎలా ఉంటారు?

ఇక మెకానిక్కు. రోడ్డు పక్కన ఒక చెట్టు, ఒక పెట్టె, నీళ్ళ తొట్టి, గాలి పంపు. ఈ సామానుతో అతను చేసే పనుల్లో చూడముచ్చటైనది చక్రం బెండు తీయడం. సైకిలును సీటు మీదా హ్యాండిలు మీదా తలకిందులుగా నిలబెడతాడు. చక్రాన్ని తిప్పి, ఫోర్కుకు ఆనించిన సుద్దముక్కను రిమ్ము దగ్గరికి జరుపుతాడు. రిమ్ము ఎక్కడ పక్కకు వచ్చిందో అక్కడ సుద్ద గీత పడుతుంది. గీత ఎడమ వైపు పడితే ఆ చోట కుడివైపు హబ్బుకు పోయే పుల్లల్ని బిగించాలి, ఎడమవి వదలాలి. పుల్ల చివర నిపిల్‌కు తాళం తగిలించి పావు చుట్టు. మళ్ళీ తిప్పడం, మళ్ళీ చూడటం. తొందరపడి ఒకేసారి పూర్తి చుట్టు తిప్పితే చక్రం గుడ్డు ఆకారానికి వస్తుంది. చివర్లో రెండేసి పుల్లల్ని వేళ్ళతో నొక్కి, గోటితో మీటి చూస్తాడు. ఒకటి మందంగా పలికితే అది వదులుగా ఉన్నట్టు. చేతిలో కొలత పరికరం ఉండదు. చెవే పరికరం.

లోహంతో ఇంత చనువు ఈ ప్రాంతమంతటా ఉంది. డ్రిల్లు రాడ్లకు పదును పెట్టే కమ్మరులు, పంపులూ వైండింగ్ ఇంజన్లూ విప్పి బిగించే ఫిట్టర్లు, టర్నర్లు తరతరాలుగా గని వర్క్‌షాపుల్లో తయారయ్యారు. 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ పుట్టాక బుల్‌డోజర్లు, ఎక్స్‌కవేటర్లు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, అంటే కె.జి.ఎఫ్.లో తయారు కావడం మొదలైంది. ఊళ్ళో వెల్డింగు తెలిసిన చేతులు ఇంకా పెరిగాయి.

2001 ఫిబ్రవరి 28న, అప్పటికి భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న ఈ గనులు మూతపడ్డాయి. 120 ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన నేల మీద మిగిలినవి సయనైడ్ దిబ్బలు. గాలి తోలితే ఆ బూడిదరంగు పొడి ఇళ్ళ మీద వాలుతుంది. ఊరు పొట్ట చేత పట్టుకుని రైలెక్కింది. మారికుప్పం, ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో చీకటితో బయల్దేరి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరడం వేలమందికి బతుకైంది. అదే సమయంలో బెంగళూరు ఐటీ ఉద్యోగులు సెలవు దొరికితే ఖరీదైన సైకిళ్ళతో ఇటు రావడం మొదలుపెట్టారు. 2007 దాకా కోలారు జిల్లాలోనే ఉన్న నంది కొండ ఎక్కడం వాళ్ళకు ఒక మొక్కులాంటిది. శిఖరం 1,478 మీటర్లు. వాళ్ళ బండ్ల మధ్య ఒక్కోసారి రంగు వేయని, మసక వెండిలా కనిపించే ఫ్రేము ఉంటుంది. అది టైటానియం.

టైటానియం కథ మనల్ని మళ్ళీ గనుల దొరల దగ్గరికే తీసుకుపోతుంది. కోలారు గనుల మొదటి తరం క్యాప్టెన్లలోనూ మేస్త్రీల్లోనూ చాలామంది ఇంగ్లండు నైరుతి కొస కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళు. తగరం, రాగి గనులు అక్కడ మూతపడుతుంటే పనిముట్లతో, పనితనంతో ప్రపంచమంతా తిరిగారు. ఆ కార్న్‌వాల్‌లోనే 1791లో విలియం గ్రెగర్ అనే పాదిరి, మనాకన్ అనే ఊరి వాగులో అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక ఏరి, అందులో అంతవరకూ తెలియని లోహం ఉందని తేల్చాడు. 1795లో బెర్లిన్ రసాయనవేత్త క్లాప్రోత్ దానికి టైటానియం అని పేరు పెట్టాడు. ఆ నల్ల ఇసుక ఇల్మనైటు. తెలుగువాళ్ళు దాన్ని చూడటానికి కార్న్‌వాల్ పోనక్కర్లేదు. భీమిలి తీరాన, శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం తీరాన అలలు వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక మీద నల్లని చారలు మిగులుతాయి. అదే.

చారలు చూడటం తేలిక, లోహం తీయడం మహా కష్టం. వేడిలో ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పట్టుకుని వదలని గుణం టైటానియానిది. లక్సెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ 1940 ప్రాంతంలో ఒక దారి చూపాడు: ఖనిజాన్ని క్లోరిన్‌తో ద్రవంగా మార్చి, గాలి చొరబడని పాత్రలో మెగ్నీషియంతో కలిపితే స్పంజిలా బెజ్జాలు బెజ్జాలుగా లోహం మిగులుతుంది. ఆ విద్యను మన దేశంలో సాధించింది హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్ఎల్. దాని ఆధారంగా, ఇస్రో అండతో కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల స్పంజి తీసే కర్మాగారం 2011లో మొదలైంది. టైటానియం మిశ్రమాలు కరిగించి కడ్డీలుగా, రేకులుగా మలిచే మిధాని కూడా కంచన్‌బాగ్‌లోనే 1973లో వెలసింది. కంచన్ అంటే బంగారమే. కోలారులో బంగారం కోసం నేల తవ్విన రోజులే కొన్ని హైదరాబాదు బంగారుతోటలో ఈ కొత్త లోహం కోసం కొలిమి వెలిగిన రోజులు కూడా.

బరువు సంగతి పాలక్యానుతో చెప్పుకోవచ్చు. లీటరు పాత్ర నిండా బంగారం పోస్తే 19 కిలోల పైచిలుకు. ఉక్కయితే దాదాపు 8, టైటానియం అయితే నాలుగున్నర. పాత నల్ల సైకిలు మొత్తం బరువు దాదాపు 20 కిలోలు, అంటే లీటరు బంగారమంత. టైటానియం అడ్వెంచర్ బైకు అందులో సగం. తుప్పు పట్టదు, రంగు అక్కర్లేదు, గతుకులో కాస్త వంగి మళ్ళీ నిలబడే ఓర్పు ఉంది. అమెరికాలో టెలిడైన్ సంస్థ 1970లలోనే టైటానియం సైకిలు అమ్మింది. 1980ల రెండో సగంలో మెర్లిన్, లైట్‌స్పీడ్ వచ్చాక ఆ పని స్థిరపడింది. విమానాల హైడ్రాలిక్ గొట్టాలకు వాడే మిశ్రమం, నూటికి మూడు పాళ్ళు అల్యూమినియం, రెండున్నర పాళ్ళు వెనేడియం కలిపినది, సైకిలు ఫ్రేముకు అచ్చంగా సరిపోయింది.

దాన్ని అతికించడం ఒక తపస్సు. మన వర్క్‌షాపుల్లో దానికి ఆర్గాన్ వెల్డింగు అని పేరు. గొట్టాల అంచులు రవ్వంత సందు లేకుండా చెక్కాలి. అసిటోన్‌తో తుడిచాక ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు చాలు అతుకు చెడటానికి. బయట టార్చి నుంచి ఆర్గాన్ వాయువు, గొట్టం లోపల కూడా ఆర్గాన్. లోపలి గాలి పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఆ తర్వాతే నిప్పు. అతుకు చల్లారాక దాని రంగే తీర్పు చెబుతుంది. వెండిలా మెరిస్తే నిక్షేపం. లేత గడ్డి రంగు ఫరవాలేదు. నీలం, ఊదా కనబడితే గాలి తగిలినట్టే. తెల్లటి పొడి తేలితే ఆ అతుకు పెళుసు, కోసి పారేయాలి. రోడ్డు పక్క మెకానిక్కు వంగిన ఉక్కు ఫోర్కును గొట్టం తొడిగి లాగి సరిచేయగలడు. టైటానియం ఫ్రేము చీలితే ఆ చెట్టు కింద చేయగలిగింది లేదు. ఇది దాని లోపమే, దాచనక్కర్లేదు.

ఆర్గాన్ టార్చి పట్టడం తెలిసిన చేతులు కె.జి.ఎఫ్.లో ఉన్నాయి, లోహం తీసే విద్య హైదరాబాదులో ఉంది, నల్ల ఇసుక శ్రీకాకుళంలో ఉంది. ఈ మూడూ కలిసి ఒక్క సైకిలు ఫ్రేమైనా కావాలని కోరుకోవడం అత్యాశ అనిపించదు.

కోలారు దారులకు అలాంటి బండి కట్టుకునేవాళ్ళు పాత సైకిలును ఒకసారి విప్పి చూడటం మంచిది. దాని చైను చుట్టూ పూర్తిగా మూసిన రేకు పెట్టె ఉండేది. అందులో దుమ్ము చొరబడేది కాదు. కొత్త బండి చైను ఆరుబయటే ఉంటుంది. దిబ్బల పొడి దానిలో పడితే నూనెతో కలిసి సానరాయిలా పళ్ళను అరగదీస్తుంది. పెడళ్ళ ఇరుసు కూర్చునే గూటికి ఎన్ని కొత్త కొలతలు వచ్చినా, 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు ఉండే పాత బీఎస్ఏ కొలత టైటానియం ఫ్రేముల్లో నేటికీ బతికుంది. మరలు విప్పితే చాలు, బేరింగు చేతిలోకి వస్తుంది. బర్మింగ్‌హామ్ తుపాకుల కంపెనీ పెట్టిన ఆ మూడక్షరాలే అంబత్తూరు సైకిళ్ళ మీదా మెరిశాయి.

అలాంటి బండిని పరీక్షించాలంటే మారికుప్పం నుంచి దక్షిణంగా పోవాలి. కోలారు బంగారు శిలల పట్టీ రాష్ట్రాల సరిహద్దు దగ్గర ఆగదు, చిత్తూరు జిల్లా కుప్పం వైపు సాగుతుంది. అక్కడి బిసానత్తం, చిగురుగుంట గనుల్ని కూడా భారత్ గోల్డ్ మైన్సే తవ్వింది. వాటికీ 2001లోనే తాళం పడింది. ఆ వైపు పల్లెల్లో తారు, కంకర, ఎర్రమట్టి బాట ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. రాళ్ళ మీద ఎక్కడైనా ఒక పుల్ల తెగొచ్చు. తెగిన పుల్ల 14 గేజిది, అంటే 2 మిల్లీమీటర్ల మందం. పాలక్యానుల సైకిలుకు వేసే పుల్లకూ అదే గేజి. దారిలో కనబడ్డ సైకిల్ అంగడి ముందు బండి దింపితే, మెకానిక్కు ముందు ఆ రంగులేని ఫ్రేమును వేలితో తట్టి చూస్తాడు. పొడవు సరిపోయే పుల్ల కోసం పెట్టెలో వెతుకుతాడు. తర్వాత బండిని తలకిందులు చేసి, సుద్దముక్క తీసి, నిపిల్‌కు తాళం తగిలించి పావు చుట్టు తిప్పుతాడు.